వాసు ఇంటర్వ్యూకి నేను వెళ్లిన వైనం

శెట్టిగారు మా తమ్ముడి వైపు చూసి, "నీకేం పని ఇష్టమప్పా?" అని అడిగారు. నేను జవాబు చెప్పడం మొదలుపెట్టాను. ఇంకా పీఠికలోనే ఉన్నాను, మా తమ్ముడు లేచి, తన కుర్చీని చప్పుడు కాకుండా ఎత్తి, కిటికీ వైపు తిప్పి వేసుకుని కూర్చున్నాడు. వేరేవాళ్ల పెళ్లి పందిట్లో పొరపాటున కూర్చున్నవాడు సంగతి తెలిసి మర్యాదగా పక్కకు జరిగినట్టుంది ఆ జరగడం. ఏదో ప్రమాదం రాబోతోందని నాకు మొట్టమొదట అనిపించింది సరిగ్గా అప్పుడే. తెలివైన మనిషయితే అక్కడ నోరు మూసుకునేది. నేను పీఠిక ముగించి అసలు విషయంలోకి దిగాను.

ఆ పూట ఎంత చెడ్డదో ముందే చెప్పేస్తాను. అది ముగిసేలోపు ఒక మనిషి కనబడకుండా పోయాడు, ఒక ఉద్యోగం చేరాల్సిన చోటికి కాక ఇంకో చోటికి చేరింది, బీఎస్సీ చదివిన, ఇద్దరు పిల్లలున్న ఒక తల్లి చిక్కబళ్లాపురం బస్టాండులో ఆపిల్ పళ్ల సంచి పట్టుకుని ఏడ్చింది. ఆ తల్లి నేనే. ఇప్పుడు పిల్లలు పడుకున్నారు, రేపటికి ఇడ్లీ పిండి రుబ్బడం అయిపోయింది, కాబట్టి నింపాదిగా చెబుతాను.

మాది బాగేపల్లి. మా ఆయనకు బజారులో సరుకుల అంగడి ఉంది. వాసు నా ఒక్కగానొక్క తమ్ముడు. అమ్మానాన్నలు చింతామణిలో ఉంటారు గానీ, బీకాం ముగిశాక వాడు నా దగ్గరికొచ్చేశాడు. వాడికి ఆటిజం ఉంది. తక్కువ మాట్లాడతాడు, మాట్లాడితే సూటిగా మాట్లాడతాడు. హారన్ల మోత భరించలేడు కాబట్టి చెవులకు హెడ్‌ఫోన్స్ ఉంటాయి. నేను ఎక్కువ మాట్లాడతాను, చుట్టూ తిప్పి మాట్లాడతాను, నా చెవులకు ఏమీ ఉండవు. అయినా ఏదీ వినబడదు. డాక్టర్లు దీనికి ఇంకా పేరు పెట్టలేదు.

వాడి ఉద్యోగం గురించి దిగులుపడటం అప్పట్లో నా ప్రధాన వృత్తి. ఆ వృత్తిలో భాగంగా ఫోన్లో వీడియోలు చూసేదాన్ని. ఆ వీడియోల్లో ఆటిజం ఉన్న ప్రతి కుర్రాడూ కంప్యూటర్ ముందు కూర్చుని వడగండ్ల వానలా టైపు చేస్తుంటాడు, వెనకాల వయొలిన్ ఏడుస్తుంటుంది, చివర్లో వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంటుంది. నేనూ తుడుచుకునేదాన్ని. అలా తుడుచుకుని తుడుచుకుని ఒక నిర్ణయానికొచ్చాను: మావాడిది కంప్యూటర్ ఉద్యోగం.

చిన్న అడ్డంకేమిటంటే, వాసుకు కంప్యూటర్ అంటే మా అత్తగారికి కాకరకాయంత ఇష్టం. ఆవిడ కాకరకాయ వండిన గిన్నె కూడా ముట్టరు.

వాడికి ఇష్టమైనది నారు పెంచడం. మా మిద్దె మీద ఖాళీ పెరుగు డబ్బాల్లో మిరప, టమాటా, వంగ నారు పోసేవాడు. మొలకలొచ్చాక ఇరుగుపొరుగు వాళ్లకు పంచేవాడు. హైవే పక్కన, చిక్కబళ్లాపురం దారిలో, నాగమ్మ అనే ఆమెకు పెద్ద నర్సరీ ఉంది. పచ్చటి వలపందిరి కింద గుంతల ట్రేలలో కొబ్బరి పొట్టు నింపి, ఒక్కో గుంతలో ఒక్కో విత్తనం వేసి, నారు పెంచి రైతులకు అమ్ముతుంది. వాసు ఒక్కడే అక్కడికి వెళ్లి పని అడిగి వచ్చాడు.

"బుధవారం పొద్దున్నే రమ్మన్యారు," అన్నాడు ఇంటికొచ్చి. "ఇంకొకడు కూడా అడిగినాడంట. ముందొచ్చినోళ్లకే పని."

"బీకాం చదివి మట్టి పిసుకుతావా రా?" అన్నాను.

"మట్టి కాదక్కా. కొబ్బరి పొట్టు."

చూశారా, సూటిగా మాట్లాడతాడని చెప్పాను కదా.

మా ఇళ్లలో అంగట్లో కూర్చోవడం గౌరవం, ఆఫీసులో కూర్చోవడం ఇంకా గౌరవం, వంగి చేసే ఏ పనైనా కూలి. ఈ సూత్రాన్ని నేను కాలేజీలో చదువుకోలేదు, అయినా గట్టిగా పట్టుకున్నాను. మా ఆయన పరిచయంలో ఒక శెట్టిగారు చిక్కబళ్లాపురంలో ఆఫీసు నడుపుతారు. వ్యాపారుల బిల్లులన్నీ కంప్యూటర్లో ఎక్కించే పని. ఫోన్ చేసి బతిమాలాను. "సరేమ్మా, బుధవారం పొద్దున పిల్లోన్ని పంపించు," అన్నారాయన.

అదే బుధవారం.

"ఆ పొద్దు నర్సరీ వాళ్లు రమ్మన్యారు గదే?" అన్నాడు మా ఆయన.

"నర్సరీ యాడికి పోతాది? శెట్టిగారు మళ్లీ మళ్లీ పిలుస్తారా?" అన్నాను.

ఇక ఇంట్లో శిక్షణ మొదలుపెట్టాను. నేను శెట్టిగారి వేషంలో మంచం మీద కూర్చున్నాను.

"చెప్పప్పా, ఈ పని నువ్వు బాగా చేస్తావా?"

"ఇష్టమైతే చేస్తా. ఇది ఇష్టం లే."

"అట్లా చెప్పకూడదు రా! ఎంత కష్టమైనా చేస్తా సార్ అనల్ల."

"అబద్ధం చెప్పాల్నా?"

"అబద్ధం కాదు, ఇంటర్వ్యూ."

"రెండిటికీ తేడా ఏముండాది?" అన్నాడు. అప్పుడే నాకొక ఉపాయం తట్టింది: నేనే వెంట వెళ్తే సరి!

బుధవారం తెల్లవారగానే తలంటు పోసుకున్నాను. ఆపిల్ పళ్లు, తమలపాకులు, వక్కలు, కొబ్బరికాయ సంచిలో సర్దాను. వాసుకు నీలం చొక్కా ఇస్త్రీ చేయించాను. గుమ్మం దాటేముందు ఎదురుగా ఎవరొస్తారోనని తొంగి చూశాను. ఇదంతా నేను ఇంతకుముందు ఎక్కడ చేశానబ్బా అని బస్సెక్కేదాకా అనుమానమే. మా మరిది పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు!

కిటికీ పక్క సీటు వాడికిచ్చాను.

"అక్కా, ఈ పొద్దు బుధవారం."

"అవును."

"నర్సరీకి పోవాల."

"తర్వాత పోదాంలే."

"పొద్దున రమ్మన్యారు. తర్వాతంటే పొద్దున కాదు."

"శెట్టిగారు అడిగితే నవ్వుతా చెప్పు, ఏం?"

దారిలో నర్సరీ పచ్చ వల కనబడింది. అది కనుమరుగయ్యేదాకా వాడు తల తిప్పి చూస్తూనే ఉన్నాడు. నేను వాడి కాలరు సర్దాను.

శెట్టిగారు మంచి మనిషి. నా సంచిలోంచి తాంబూలం, పళ్లు బల్ల మీదికి రాగానే కళ్లజోడు సవరించుకున్నారు.

"ఏమ్మా, మాకు ఆడపిల్లలు లేరే?" అన్నారు.

నేను ఆ మాటకు నవ్వేసి, మళ్లీ వాటిని సంచిలో పెట్టేసి, వంశ చరిత్ర అందుకున్నాను. పెళ్లిచూపుల్లో కూర్చున్నవాళ్లు మాట్లాడరు, పెద్దవాళ్లే మాట్లాడతారు. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. ఆయన వాసును అడుగుతారు, నేను చెబుతాను.

"కంప్యూటర్లో లెక్కలు వేసేది వస్తాదా అప్పా?"

"ఓ, వస్తాది సార్! ఈ కాలమ్ లో కొట్టింది ఆ కాలమ్ లో ఎట్లా తేవాలో కూడా తెలుసు." ఎలా తేవాలో వివరించాను కూడా. అది నాకు తెలుసు, అంగడి లెక్కలు నేనే చేస్తాను కాబట్టి.

"బిల్లులో తప్పుంటే ఏం చేస్తావప్పా?"

"పార్టీకి ఫోన్ చేసి, కోపం రాకుండా అడిగి, సరిచేసి పంపిస్తాడు సార్." ఎలా అడుగుతాడో కన్నడలోనూ తెలుగులోనూ అభినయించి చూపించాను.

ఆ తర్వాతే ఆయన ఏం పని ఇష్టమని అడగడం, నేను పీఠిక మొదలుపెట్టడం, వాడు కుర్చీ తిప్పుకోవడం జరిగాయి. ఇంకాసేపటికి వెనక నుంచి, "అక్కా, నేను పోతాండా," అని వినబడింది.

"ఆఁ ఆఁ, నీళ్లు తాగి రా," అన్నాను, తల తిప్పకుండా. ఎందుకంటే అప్పుడు మా వాడి సహనం గురించి చెబుతున్నాను.

నా ప్రసంగం ముగిసింది. శెట్టిగారు కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, తప్పుగా అనుకోవద్దు. ఆ పిల్లోడు ఒక్క మాటా మాట్లాడలే. ఆయప్పకు ఏమొచ్చో నాకెట్లా తెలుస్తాది? నువ్వయితే అడిగినదానికంతా బాగా చెప్పినావు. లెక్కలు తెలుసు, రెండు భాషలొచ్చు, పార్టీలతో మాట్లాడే నేర్పుండాది. నువ్వొస్తానంటే సోమవారం నుంచే చేరమ్మా."

"నేనా?"

"ఇంటర్వ్యూ ఇచ్చింది నువ్వే గదా."

సాయం కోసం వెనక్కి తిరిగాను. కిటికీ వైపు కుర్చీ ఉంది. కుర్చీలో ఎవరూ లేరు.

అక్కణ్ణుంచి నేను చేసినవన్నీ రాస్తే ఈ కాగితం సిగ్గుపడుతుంది. మెట్లు దిగి రోడ్డున పడ్డాను. లారీల కింద చూశాను. కాఫీ హోటల్లో ఒకాయన నీలం చొక్కా వెనక నుంచి పట్టుకుని లాగాను. ఆయన ఇడ్లీ సాంబార్లో పడింది. ఆటో స్టాండులో అడిగాను:

"అన్నా, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఎవరితో మాట్లాడకుండా పోతాండే అబ్బాయిని చూసినారా?"

"ఊర్లో అందరూ అట్లే పోతాండారు గదమ్మా," అన్నాడు ఆటో అతను.

బస్టాండుకు చేరి, ముందే చెప్పినట్టు, ఏడ్చాను. ఒక ముసలమ్మ పక్కన కూర్చుని, "ఎవరు పోయినారమ్మా?" అంది జాలిగా. "తమ్ముడు," అన్నాను. ఆమె కూడా ఏడ్చింది. "పోయినాడంటే... ఎక్కడికో పోయినాడవ్వా," అని సర్దిచెప్పేలోపు చుట్టూ నలుగురు చేరారు. అందులో ఒకరికి మాత్రం బుద్ధి పుట్టి, "ఫోన్ చేసినారా?" అని అడిగారు.

ఫోన్! ఇంటర్వ్యూకని సైలెంట్‌లో పెట్టి సంచి అడుగున కొబ్బరికాయ కింద తోశాను. తీసి చూస్తే వాసు నుంచి మెసేజ్ ఉంది.

"నర్సరీకి పోతున్నాను. నీకు చెప్పాను. నువ్వు మాట్లాడుతున్నావు."

ముసలమ్మకు ఒక ఆపిల్ ఇచ్చి బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ ఉచితం కాబట్టి సరిపోయింది. ఆ ప్రయాణానికి డబ్బులిచ్చి వెళ్లే ముఖం నాకు లేదు. దారి పొడుగునా ఒకటే దిగులు. పొద్దు బాగా ఎక్కింది. ముందొచ్చినోళ్లకే పని అన్నారు. వాడు జీవితంలో తనంతట తాను అడిగిన ఒకే ఒక్క పనిని నేను తాంబూలంలో చుట్టి పారేశాను.

నర్సరీలో నాగమ్మ వలపందిరి ముందు నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, కొంగు నడుముకు బిగించి ఉంది. లోపల వాసు ట్రే ముందు కూర్చున్నాడు. హెడ్‌ఫోన్స్ మెడ మీదికి జారి ఉన్నాయి. నన్ను చూసి తల ఊపి మళ్లీ పనిలో పడ్డాడు.

"నువ్వేనా వాళ్లక్క?" అంది నాగమ్మ. "ఏమప్పా ఇంత పొద్దెక్కించి వచ్చినావు అని అడిగితిని. మా అక్కకు ఇంటర్వ్యూ జరుగుతాండాది, ఇంగా అయిపోలే, నేను మధ్యలో లేసొచ్చినా అన్యాడు. ఏమైందమ్మా, పని దొరికిందా నీకు?"

"దొరికింది," అన్నాను. అబద్ధం కాదు కదా. ఇంటర్వ్యూ కూడా కాదు.

"మంచిదే. నేనేమో ముందొచ్చినోనికి పని ఇచ్చేస్తిని. అయిపోయిందప్పా అని చెప్తే, ఈయప్ప పోలే. నిలబడి చెప్పినాడు: ఈ పని నాకు కావాల, నారు పోసేది నాకిష్టం, రైతులు గుంపుగా వస్తే నేను మాట్లాడలేను, ఒకేసారి నాలుగు పనులు చెప్తే కలిసిపోతాయి, ఒకటి అయినాక ఒకటి చెప్పండి, లారీ వస్తే చెవులకు ఇవి పెట్టుకుంటా, అని. ఇన్నేండ్లలో పని యాదైనా సరే ఇయ్యమ్మా అన్నోళ్లే గానీ, ఈ పనే కావాలన్నోన్ని నేను చూడలే. సరే, ఆ పిల్లోన్ని లోడింగుకు పెట్టి, ఈయప్పను విత్తనాలకు పెట్టినా. ఒక నెల చూస్తా."

నేను పొద్దుటి నుంచి శెట్టిగారికి చెప్పినవన్నీ ఒకసారి గుర్తుచేసుకున్నాను. వాడు నాగమ్మతో చెప్పిన మాటల్లో ఒక్కటీ వాటిలో లేదు. గుంపులో మాట్లాడలేడని తెలుసు. పనులు కలిసిపోతాయని మాత్రం నాకు తెలియదు. ఇంట్లో ఒకేసారి నాలుగు పనులు చెప్పేది నేనే.

అయినా అలవాటు ఊరుకోదు. "మావాడు చిన్నప్పటి నుంచీ చాలా..." అని అందుకున్నాను.

"నువ్వట్లా నీడలో కూర్చోమ్మా," అంది నాగమ్మ. "ఆయప్పతో మాట్లాడతాండా."

కూర్చున్నాను. నా సంచిలోని కొబ్బరికాయ అక్కడే కొట్టుకుని తిన్నారు వాళ్లిద్దరూ. శెట్టిగారికి ఫోన్ చేసి, నాకు ఇద్దరు చిన్నపిల్లలున్నారు, రాలేనని చెప్పాను. "ఆలోచించమ్మా, మంచి క్యాండిడేట్ నువ్వు," అన్నారాయన. నెల తర్వాత నాగమ్మ వాసును ఉంచేసుకుంది. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

ఆ బుధవారం మాత్రం ఇంటికొచ్చి, స్నానం చేసి, దేవుడి గూటి ముందు దీపం పెట్టి, పట్టు చీర ఒక్కటే తక్కువగా ఘనంగా ఒక ప్రతిజ్ఞ చేశాను: ఇతరులను అడిగిన ప్రశ్నకు, ఆ ఇతరులు ప్రాణాలతో ఉండి, పక్కనే ఉండి, మేలుకుని ఉన్నంతవరకు, నేను జవాబు చెప్పను. మా ఆయన విని, "నిద్రపోతాండే వాళ్లనైనా వదిలిపెట్టు," అన్నాడు. ఒప్పుకోలేదు. కొంచెం వెసులుబాటు ఉండాలి.

మరునాడు పొద్దున వాసు అన్నం డబ్బా కట్టుకుని తయారయ్యాడు. టిఫిన్ దగ్గర మా పిల్లలు హర్షిత, చరణ్ ఇద్దరూ ఎప్పటిలాగే వాడిని వదిలేసి నా ముఖం చూశారు.

"అమ్మా, మామ ఆడ ఏం పని చేస్తాడు? మామకు ఆ పని ఇష్టమా?"

నా నోరు తెరుచుకుంది. గొంతులో జవాబు సిద్ధంగా ఉంది, ఉదాహరణలతో సహా. దాని మీద ఒక ఇడ్లీ వేసి మింగి, నీళ్లు తాగి, అప్పుడు చెప్పాను:

"నాకేం తెలుసు? ఎదురుగా కూర్చోనుండాడు గదా, మామనే అడగండి."