సాయిదుర్గ అడిగిన గుల్లలు

మొగల్తూరులో ఒక ఆక్వా ల్యాబ్‌లో లోకనాథ్ పదకొండేళ్లుగా పనిచేస్తున్నాడు. రైతులు రొయ్యల చెరువుల నుంచి సీసాల్లో తెచ్చే నీళ్లు పరీక్షించి, ఏది ఎక్కువైందో ఏది తక్కువైందో చెప్పడం అతని పని. తాత, తండ్రి సముద్రంలో వలేసి బతికినవాళ్లు. ఇతనికి మాత్రం పడవెక్కితే కడుపులో తిప్పేది.

రెండేళ్ల కిందట రావులపాలెం దాటాక వానలో అతని బండి జారింది. అతనికి మోచెయ్యి గీరుకుపోయింది. వెనక కూర్చున్న భార్య సాయిదుర్గకు వెన్నుపూస విరిగింది. రాజమహేంద్రవరం ఆసుపత్రిలో నెలన్నర ఉంచుకుని, నడుం కింద ఇక కదలిక రాదని చెప్పి పంపించేశారు. అంగన్‌వాడీలో పాతికమంది పిల్లల్ని ఆడించిన మనిషి మంచానికి అతుక్కుపోయింది. పగలు అత్తగారు లోవమ్మ చూసుకునేది. దుర్గ మాట్లాడటం తగ్గించింది, తరవాత దాదాపు మానేసింది.

చెకప్‌కి వెళ్లినప్పుడు రాజమహేంద్రవరంలో శ్యాంబాబు అనే అతని అలంకార చేపల కొట్టు కనబడింది. ఒక తొట్టిలో వేలి కణుపంత చేపలు, ఒంటినిండా సన్నని చారలు. ఖాళీ నత్తగుల్లల్లో దూరుతూ, బయటికొస్తూ ఉన్నాయి. "ఆఫ్రికా సరస్సు చేపలండి. గుల్లే వీటికి ఇల్లు. గుడ్లు పెట్టడం, పిల్లల్ని సాకడం అన్నీ అందులోనే," అన్నాడు శ్యాంబాబు. లోకనాథ్ ఎనిమిది చేపలు, డజను గుల్లలు తెచ్చి, దుర్గ మంచం పక్కన గాజుతొట్టిలో పెట్టాడు.

నెల్లాళ్లు ఆమె పట్టించుకోలేదు. ఒక ఆదివారం అతను అన్నం కలిపి పెడుతుంటే ముద్ద వద్దని తల తిప్పి, "ఏవండీ, ఆ గుల్ల నోటి దగ్గర ఏదో కదులుతోంది, చూడండి," అంది. నూకగింజంత పిల్లలు, ఏడో ఎనిమిదో. తల్లి వాటికి అడ్డంగా నిలబడి ఉంది.

ఆ రోజు నుంచి దుర్గ కళ్లు తొట్టిమీదే. ఏ చేప ఇసక నోటితో మోసి పక్కదాని గుమ్మంలో పోసిందో, ఏది ఎవరి గుల్ల ఆక్రమించిందో, అతను ల్యాబ్ నుంచి రాగానే పూసగుచ్చినట్టు చెప్పేది. ఏడాది తిరిగేసరికి ఎనిమిది అరవై దాటాయి. గుల్లలు చాలక, బలంలేనివాటిని మిగతావి తరిమేసేవి. రెక్కలు చిరిగిన చేప ఒకటి ఎప్పుడూ పైమూలన నీళ్ల అంచున వేలాడుతుండేది.

"దానికి ఇల్లు లేదండీ. ఇంకాసిని గుల్లలు తెండి," అంది దుర్గ. ప్రమాదం జరిగాక ఆమె అతన్ని కోరి అడిగింది అదొక్కటే.

ఆ వారమే రొయ్యల రైతు పల్లంరాజు గారి చెరువుకి శాంపిల్ కోసం వెళితే, గట్టుమీద ఉసిరికాయంతేసి నత్తగుల్లలు ఎండకు తెల్లబడి కుప్పలుగా కనిపించాయి. సంచినిండా ఏరుకొచ్చాడు. ఉప్పేసి రెండుసార్లు ఉడకబెట్టి, బ్రష్‌తో రుద్ది, నలభై గుల్లలు ఇసకలో పేర్చాడు. సాయంత్రానికల్లా రెక్కలు చిరిగిన చేప ఒక గుల్లలో దూరింది. దుర్గ నవ్వింది.

మూడోరోజుకి చేపలు రంగు తగ్గి రొప్పడం మొదలెట్టాయి. లోకనాథ్ అమ్మోనియా చూశాడు, పీహెచ్ చూశాడు, ఆక్సిజన్ చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. సగం నీళ్లు మార్చాడు. నాలుగోరోజు పొద్దున్న పిల్లలన్నీ ఇసకమీద పొట్టులా పడివున్నాయి. తల్లులు బయటికి రాలేదు. ఒక్కొక్క గుల్లా తీసి బోర్లించి తట్టితే చచ్చినవి జారిపడ్డాయి. దుర్గ చూస్తూనే ఉంది. చూడొద్దని అతను చెప్పలేకపోయాడు.

ఆ మర్నాడు పల్లంరాజు గారు నీళ్లసీసా పట్టుకుని ల్యాబ్‌కొచ్చారు. "రొయ్యపిల్లల సీడ్ వదలొచ్చా లోకనాథ్ గారూ? నత్తలు తెగ పట్టేస్తే గట్టి డోసులో మైలుతుత్తం కొట్టించాం. అన్నీ పోయాయి. ఎత్తి గట్టుమీద పోయించాం."

మైలుతుత్తమంటే రాగే. లోకనాథ్ ఆ సీసా తీసుకుని పక్కన పెట్టాడు. ఆయన వెళ్లాక ఇంటికెళ్లి తొట్టి నీళ్లు సీసాలో పట్టుకొచ్చి, రాగి పరీక్ష చేశాడు. మందు చుక్కలు పడగానే నీళ్లు రంగు తిరిగాయి. వందల చెరువుల నీళ్లు చూసిన మనిషికి ఆ ఒక్క పరీక్ష ముందే చేయాలని తోచలేదు.

సాయంత్రం మంచం పక్కన కూర్చుని చెప్పాడు. "గుల్లలకి విషం పట్టివుంది దుర్గా. ఉడకబెడితే పోయేది కాదది. ఎక్కడివో ఏంటో అడిగి తేవాల్సింది."

ఆమె పైకప్పు వైపు చూపు తిప్పుకుంది. తరవాత మెల్లగా అంది, "ఆ రోజు కూడా వాన తగ్గేదాకా ఆగుదామన్నానండీ."

రెండేళ్లుగా లోపల దాచుకున్న మాట. కోపంగా అనలేదు.

వారానికి సంగతి తెలిసి శ్యాంబాబు ఫోన్ చేసి, ఇంకో జట్టు చేపలు పంపిస్తానన్నాడు. అడిగితే దుర్గ తల అడ్డంగా ఊపింది. లోకనాథ్ తొట్టి కడిగి మేడమీద బోర్లించాడు. ఇసక పెరట్లో పోశాడు.

పుండ్లు పడకుండా ఆమెను రెండేసి గంటలకు ఒక పక్కనుంచి ఇంకో పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. కిటికీ వైపు తిప్పినా, గుమ్మం వైపు తిప్పినా ఆమె ఇప్పుడు కళ్లు తెరవదు. లోకనాథ్ మాత్రం టైము చూసుకుని తిప్పుతూనే ఉన్నాడు.