చిల్లు లేని డోనట్లు

మా కుటుంబం నడిపే డోనట్ వ్యాపారంలో నేను ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్‌ని. విజిటింగ్ కార్డు మీద అట్లాగే ఉంటుంది. మామగారు ఎండీ, మా ఆయన ఫైనాన్స్, మరిది మార్కెటింగ్. హోసూరు అంగట్లో పొద్దున్నే పిండి కలిపించేది, వంట మాస్టరు రాకపోతే నూనె ముందు నిలబడేది మాత్రం నేను. మార్కెటింగ్ అంటే నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని తన ఫోటోలు తానే తీసుకోవడమని మా మరిది వల్లనే తెలుసుకున్నాను.

మా ఇంట్లో డోనట్ తినేవాళ్ళు లేరు. మైదా కడుపుకు మంచిది కాదని మామగారు మాకు చెబుతారు. అదే నోటితో గిరాకీని ఇంకొకటి తినమంటారు.

కృష్ణగిరిలో రెండో అంగడి పెడదామన్నప్పుడు, దాన్ని నా చేతికే ఇస్తానని మామగారు బంధువులందరి ముందూ అన్నారు. నమ్మాను. స్థలం చూసింది నేను, మాస్టర్ని కుదిర్చింది నేను. పొద్దున బయల్దేరి శూలగిరి, కుందారపల్లి దాటిపోయి పనివాళ్ళ మీద అరిచి, సాయంత్రం ఇల్లు చేరి వంట చేసేదాన్ని. ఆ అంగడి నాదవుతుందన్న ఆశలో ఒళ్ళు నొప్పులు కూడా తెలియలేదు.

ఓపెనింగ్ రోజు మాస్టరు అచ్చు పట్టుకుని పిండి కోయబోతుంటే మామగారు ఆపారు.

"నడిమధ్య బొక్క ఉండేది దేవునికి ఎట్ల పెడతారమ్మా? కొత్త అంగడి. బొక్క వద్దు."

హోసూరులో ఇన్నేళ్ళుగా ఆ బొక్కలు అమ్మే మేడ మీద మేడ లేపారు.

"వడకు బొక్క ఉండాది కదా మామా? ఆంజనేయునికి దండే వేస్తాము."

"వడ వేరే. అది మనది."

బంధువులు తలలూపారు. మా ఆయన అందరికంటే ముందు ఊపాడు.

"బొక్క లేకుంటే లోపల వేగదు మామా. మంట తగ్గించి నిదానంగా వేయాల."

"ముహూర్తం దాటిపోతుంది. మంట పెంచప్పా," అని ఆయన మాస్టరుకు చెప్పారు.

పైకి ఎర్రగా వచ్చాయి. రుచి చూద్దామంటే దేవుడికి పెట్టకముందు ఎంగిలి చేయకూడదు. అట్లా పచ్చిపిండి మొదట వినాయకుడికే దక్కింది. తరువాత రిబ్బన్ కత్తిరించిన పెద్దమనిషి, బర్గూరు గ్రానైట్ వ్యాపారి, కెమెరా వైపు నవ్వుతూ కొరికాడు. లోపలి పిండి జిగటగా సాగి మీసానికి అంటుకుంది. "శానా మెత్తగా ఉండాదప్పా," అని మర్యాదగా అని, మిగిలింది టిష్యూలో చుట్టి జేబులో వేసుకున్నాడు. మా మరిది ఆ మీసాన్ని కూడా ఫోటో తీశాడు.

జనం పోయాక మామగారు తీర్పు చెప్పారు.

"ఒక్క దినం కూడా చూసుకోలేకపోయినావు కదమ్మా. ఆడకూతురు రోజూ హైవేలో పోయి వచ్చేది కూడా బాగుండదు. చిన్నోడు చూసుకుంటాడు."

నా చేతిలో ఉన్న తాళాలు తీసి మరిది చేతిలో పెట్టారు. మా ఆయన వైపు చూశాను. తాంబూలంలో వచ్చిన అరటిపండు ఒలుచుకుంటున్నాడు. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

మరునాటి నుంచే కృష్ణగిరి డోనట్లకు చిల్లు వచ్చింది. చిల్లు ఉంటేనే లోపల వేగుతుందని కనిపెట్టింది తానేనని మామగారు పెళ్ళిళ్ళలో చెప్పుకుంటున్నారు. వినేవాళ్ళు ఆశ్చర్యపోతున్నారు కూడా.

మొన్న పొద్దున మరిది ఫోను చేశాడు. వెనక గిరాకీల గోల.

"వదినా, మాస్టరు రాలేదు. నేనే కలిపినాను, పిండి పొంగనే లేదు. ఏం చేసేది?"

ఈస్టును చల్లనీళ్ళలో వేసి ఉంటాడు. ఒక్క మాటతో తీరేది.

"ఎండీని అడుగప్పా," అని ఫోను పెట్టేశాను.

హోసూరు అంగట్లో గల్లా దగ్గర కూర్చున్న మామగారి ఫోను మోగింది. కాసేపు ఊ కొట్టి, లేచి నా దగ్గరికి వచ్చారు.

"ఈస్టు అంటే ఏందమ్మా?"

పిండి కోస్తున్న అచ్చు కింద పెట్టలేదు.

"కృష్ణగిరి తాళాలు తెప్పించండి మామా, చెప్తాను," అన్నాను.