నాలుగు సెకన్ల యథాతథం

పాతదాంట్లో ఏ తప్పుందో కొత్తదాంట్లోనూ అదే తప్పు అచ్చుగుద్దినట్టు దిగితేగాని యథాతథం గారికి అన్నం సయించదు. ఉన్న జబ్బు ఇదొక్కటే. మిగతా విషయాల్లో ఆయన మనలాంటి మనిషే: ఫ్యాను కింద కుర్చీ కోసం పోట్లాడతారు, మీటింగులో కునుకు తీస్తారు, మెలకువ రాగానే "నేను ముందే చెప్పాను" అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఎక్కడో ఉంది. ఏ పని అప్పజెప్పినా "యథాతథంగా దించేస్తానండీ" అనడం వల్ల ఈ పేరే ఖాయమైంది.

కొత్త కళ్ళజోడు చేయించుకున్నప్పుడు పాతదాని ఎడమ కాడ వంకరగా ఉండేదని, కొత్తదాని కాడ కూడా వంచమన్నారు. షాపతను వంచనన్నాడు. ఈయనే కౌంటరు ముందు నిలబడి వంచుకున్నారు.

"ఇరవయ్యేళ్ళుగా నా చెవి ఆ వంకరకి అలవాటుపడిందయ్యా. ఇది కొత్త కళ్ళజోడని దానికేం తెలుసు పాపం?"

ఇల్లు మారినప్పుడు ఇంకో గొడవ. పాత ఇంటి వీధి తలుపు బిగుసుకుపోయి, భుజంతో ఒక్క తోపు తోస్తేగాని తెరుచుకునేది కాదు. కొత్త ఇంటి తలుపు వేలు తగిలితే చాలు, తెరుచుకునేది. సామాన్లు దించిన రోజే ఆయన బావమరిది అలవాటుకొద్దీ భుజంతో తోసి, హాలు మొత్తం దాటి, వంటింట్లో అక్కగారి కాళ్ళ దగ్గర తేలాడు. మర్నాడు పొద్దున్నే వడ్రంగి దిగాడు.

"తలుపు బాగానే ఉంది కదండీ?"

"అదేనయ్యా గొడవ. బిగించు."

"ముప్పయ్యేళ్ళుగా బిగుసుకున్న తలుపులు వదులు చేస్తున్నాను. బాగున్న తలుపు బిగించమన్న మనిషిని మిమ్మల్నే చూశాను."

"ఎంత బిగించాలో కొలత తెచ్చాను," అని యథాతథం గారు జేబులోంచి కాయితం తీశారు.

ఆయన భార్య ఈ కథ ఎవరికి చెప్పినా ఒకే మాటతో ముగిస్తుంది. "పెళ్ళయిన కొత్తలో ఒకసారి కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. ఆ తప్పు మళ్ళీ చెయ్యమంటారేమోనని ఇప్పటికీ గుండె దడే."

ఇదంతా పాతమీద ప్రేమ అనుకునేరు. పాతదంతా బంగారమని కళ్ళొత్తుకునే పెద్దమనుషులు ఎక్కడపడితే అక్కడ దొరుకుతారు. ఈయన ఆ బాపతు కాదు. పాత సిస్టం పేరెత్తితే చాలు, ఒంటికాలిమీద లేస్తారు. "దరిద్రపు సిస్టమండీ అది. దాన్ని రాసినవాడు నాకు కనబడితే..." అంటూనే, దాని దరిద్రాన్ని ఒక్క చుక్క ఒలకకుండా కొత్త డబ్బాలోకి ఒంపుతారు.

చిత్రమేమిటంటే, ఆయనకి ఉద్యోగం కూడా సరిగ్గా అలాంటిదే దొరికింది. సాక్సుల ఫ్యాక్టరీ. పన్నెండు అల్లిక మెషీన్లు. వాటిని నడిపే ప్రోగ్రాం రాసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ ప్రోగ్రామేమో ఒకే ఒక్క పాత ఆపరేటింగ్ సిస్టం మీద తప్ప నడవదు. ఆ సిస్టం ఉన్న కంప్యూటర్లేమో ఒక్కొక్కటే పొగ వదిలి కన్నుమూశాయి. కొత్త కంప్యూటర్లొచ్చాయి, వాటితోపాటు కొత్త సిస్టమూ వచ్చింది. ప్రోగ్రాం బిక్కమొహం వేసింది.

ఎందుకంటే, ప్రోగ్రాం తనంతట తాను ఏమీ చెయ్యలేదు. ఫైలు తెరవాలన్నా, సూది కదలాలన్నా, టైమెంతో తెలియాలన్నా, కాసేపు ఆగాలన్నా, సిస్టం నడిమధ్యన కూర్చున్న కెర్నెల్‌ని అడగాలి. ఆ అడగడాన్నే సిస్టం కాల్ అంటారు. పాత కెర్నెల్‌ని అడిగే తీరు వేరు, కొత్తదాన్ని అడిగే తీరు వేరు. యథాతథం గారు కొత్త కెర్నెల్ లోపలే ఒక దుబాసీని కూర్చోబెట్టారు. ప్రోగ్రాం పాత తీరులో అడుగుతుంది. దుబాసీ ఆ పని కొత్త తీరులో చేయించి, జవాబు మాత్రం పాత తీరులో చెబుతాడు.

"మన ప్రోగ్రాం అత్తారింటికొచ్చిన పిల్లండీ," అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవారు. "ఇంకా పుట్టింట్లోనే ఉన్నాననుకోవాలి. మంచినీళ్ళడిగితే అదే చెంబులో రావాలి. పుట్టింటి చెంబుకి చిల్లుంటే, ఈ చెంబుకీ చిల్లుండాలి."

కొత్త మేనేజరమ్మ వచ్చిన వారంలోనే ఆ చిల్లులన్నీ లెక్కపెట్టింది. ఆవిడ కంప్యూటర్లు చదువుకుని, ఆపైన మేనేజ్‌మెంట్ కూడా చదువుకున్న మనిషి. దుబాసీ కోడు తెరిచి చూస్తే నూట పద్నాలుగు చోట్ల ఒకటే మాట రాసి ఉంది: "ఇది తప్పు. తెలిసే చేశాను."

"యథాతథం గారూ, ఫిబ్రవరికి ఎన్ని రోజులంటే ఇది ముప్పై అని చెబుతోందేంటండీ?"

"పాతది అలాగే చెప్పేది మేడమ్."

"తప్పు కదా?"

"ఘోరమైన తప్పు."

"మరి?"

"అది తప్పు చెబుతుందని ప్రోగ్రాం రాసినవాడికి తెలుసు మేడమ్. అందుకని వాడు లెక్కలో రెండు రోజులు కొట్టేశాడు. ఇప్పుడు మనం నిజం చెప్పామనుకోండి, ఆ నిజంలోంచి కూడా రెండు రోజులు కొట్టేస్తాడు."

"సరే, ఈ తంతంతా కెర్నెల్ లోపలే ఎందుకు? బయట రాసుకోవచ్చుగా? లోపల ఏదన్నా తేడా వస్తే కంప్యూటర్ మొత్తం పడుకుంటుంది."

"వాకిట్లో కూర్చున్న దుబాసీ ప్రతి మాటకీ వంటింట్లోకి పరిగెత్తాలి మేడమ్. వాడు వచ్చేదాకా సూది ఆగదు."

"మెషీను తెర మీద ప్రశ్న పడినప్పుడు బీప్‌మనే కూత ఒక్కసారి వస్తే చాలదా? ఎన్ని పంక్తులుంటే అన్నిసార్లు కూస్తోంది."

"ఒక్కసారే కూయాలి. పాతదానికి బుద్ధి లేదు."

"ప్రోగ్రాం ఒక్క సెకను ఆగమంటే మీ దుబాసీ నాలుగు సెకన్లు ఆగుతున్నాడు."

"పాతదాని గడియారం మొద్దుది మేడమ్. కునుకు తీయమంటే గుర్రుపెట్టేది."

"కొత్తది సరిగ్గా ఒక్క సెకను ఆగగలదు కదా?"

"ఆగగలదు. నేను ఆగనివ్వను."

మేనేజరమ్మ తల పట్టుకుంది. ఆయన చిన్నపిల్లాడిలా మురిసిపోతూ వంకర కళ్ళజోడు తుడుచుకున్నారు.

ఇంతలో యజమాని పిలిచాడు. "ఏడో నంబరు మెషీను రోజూ వెనకబడుతోంది. పది రోజులు చూడమ్మా. మిగతావాటితో సమానంగా రాకపోతే ఆవిణ్ణి ఇంటికి పంపించెయ్."

ఏడో నంబరక్క ఇరవై రెండేళ్ళుగా అదే మెషీను దగ్గర ఉంది. మాట తక్కువ, చూపు ఎక్కువ. మేనేజరమ్మకి ఆవిణ్ణి పంపడం సుతరామూ ఇష్టం లేదు. ఎలాగైనా నిలబెట్టాలని నిశ్చయించుకుని, చదువుకున్నవాళ్ళు ఏం చేస్తారో అదే చేసింది: మెట్లు దిగి మెషీను దగ్గరికి వెళ్ళకుండా, తన గదిలోనే కూర్చుని కంప్యూటర్లో రికార్డులు తిరగేసింది.

సాక్సు అల్లిక వేళ్ళదాకా రాగానే తెర మీద ప్రశ్న పడుతుంది. ఒక్కోసారి "ఇక్కడ మూయాలా?" అని ఒకే పంక్తి; సైజు మారితే రెండు పంక్తులు; దారం అయిపోవస్తే మూడు. దుబాసీ ఆగే ఆ నాలుగు సెకన్ల గడువులోగా సరైన మీట నొక్కాలి. నొక్కకపోతే "ఇంకా అల్లు" అన్నారనుకుని మెషీను అల్లుకుంటూ పోతుంది. పదకొండు మెషీన్ల దగ్గర మీట అర సెకనులో పడుతోంది. ఏడోదాని దగ్గర మాత్రం ఎప్పుడూ సెకను దాటాకే, ఒక్కోసారి నాలుగు సెకన్లూ నిండబోతుండగా పడుతోంది.

మేనేజరమ్మకి వెంటనే వెలిగింది. నాలుగు సెకన్లు ఇచ్చారు కాబట్టే ఆవిడ నాలుగూ వాడుకుంటోంది. ఒక్కటే ఇస్తే ఒక్క సెకనులోనే నొక్కుతుంది! మేనేజ్‌మెంట్ చదివితే తప్ప ఇలాంటి ఆలోచన రాదు.

"వీల్లేదు మేడమ్," అన్నారు యథాతథం గారు.

"అక్క ఉద్యోగం నిలబడుతుందండీ."

"యథాతథంగా ఉంటేనే నిలబడుతుంది."

"ఎందుకో చెప్పండి."

ఆయన నోరు తెరిచి, ఏదో చెప్పబోయి, మూసేసి, "పాతది అలాగే ఉండేది," అన్నారు.

మర్నాడు ఆయన సెలవు పెట్టారు. వానలు తగ్గి తలుపు వదులైందట, వడ్రంగిని పిలిపించాలట. ఆయన అటు వెళ్ళగానే మేనేజరమ్మ ఇటు నాలుగు తీసి ఒకటి పెట్టింది.

గంట తిరక్కముందే కింది నుంచి కేకలు. వెళ్ళి చూస్తే, ఏడో నంబరు మెషీను నోట్లోంచి సాక్సు వస్తోంది. వస్తూనే ఉంది. బల్ల దాటి, స్టూలు చుట్టి, ఆరో నంబరు మెషీను దాకా పాకింది. అక్క మెషీను ఆపి, ఆ సాక్సుని మెడకి రెండు చుట్లు చుట్టుకుని నిలబడి ఉంది.

"కొలిచాం మేడమ్, పదకొండడుగులు!" అన్నాడు ఆరో నంబరతను. "ఏనుగు తొండానికి తొడగొచ్చు. రెండోది కూడా అల్లమంటారా?"

మేనేజరమ్మ అక్కని పక్కకి తీసుకెళ్ళింది. "ఏమైందక్కా?"

"నువ్వే చెప్పాలమ్మా. ప్రశ్న ఇలా పడి అలా పోతోంది."

"ఒక్క మీటే కదక్కా. చూడగానే నొక్కెయ్యచ్చుగా?"

"చూడగానే నొక్కాలంటే చూడగానే తెలియాలిగా." అక్క అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నాకు చదవడం రాదు. రాదంటే, మొన్నమొన్నటిదాకా రాదు. ఇరవయ్యేళ్ళు కూతలు లెక్కపెట్టుకుని పని చేశాను. ఒక కూతకి ఎర్ర మీట, రెండింటికి పచ్చది, మూడింటికి నల్లది. పాత డబ్బాలు తీసేస్తారనగానే, కొత్తవి కూయవేమో, నా పని అయిపోయిందనుకున్నా. అప్పుడు మీ యథాతథం గారొచ్చి మూడు రోజులు నా వెనకాల నిలబడ్డాడు, మెషీను చూస్తున్నట్టు. నన్ను ఒక్క మాటా అడగలేదు. కొత్త డబ్బా పెట్టిన రోజు అదీ అలాగే కూసింది. ఇంక నా పనికి ఢోకా లేదనుకున్నా."

మేనేజరమ్మకి నూట పద్నాలుగు చిల్లులూ ఒక్కసారి కళ్ళ ముందు మెదిలాయి.

"మరి ఇవాళ కూతలు వచ్చాయి కదక్కా. లెక్కపెట్టచ్చుగా?"

అక్క ఠక్కున తలెత్తింది. "మళ్ళీ వెనక్కి వెళ్ళమంటావా? రెండేళ్ళుగా మనవరాలి దగ్గర అక్షరాలు దిద్దుతున్నాను. ఇప్పుడు కూడబలుక్కుని చదివేస్తున్నా. చదవడం వచ్చాక కూతలు లెక్కపెట్టడం నామోషీ కాదూ? ఆ నాలుగు సెకన్లుంటే మూడు పంక్తులదైనా చివరిదాకా చదివే నొక్కుతా. చదవకుండా నొక్కను."

"ఈ సంగతి ఎవరికీ చెప్పలేదేం?"

"చెబితే ఆయన చిన్నబుచ్చుకోడూ? నాకోసం అంత కష్టపడి పెట్టాడు." అక్క ఇంకా దగ్గరికి జరిగింది. "నిజం చెప్పనా? ఆ పాడు కూతతో చెవులు చిల్లులు పడుతున్నాయి. ఎలాగైనా తీయించెయ్యమ్మా. నేనన్నానని మాత్రం అనకు."

మేనేజరమ్మ రెండేసి మెట్లు ఎక్కి వెళ్ళి నాలుగు సెకన్లు మళ్ళీ పెట్టేసింది. "ఇది తప్పు. తెలిసే చేశాను" అన్న చోట కింద ఇంకో వరస చేర్చింది: "ఇవాళ ఇక్కడ ఒక ఒప్పు చేశాను. తెలియక చేశాను."

తరవాత, ముందే చెయ్యాల్సిన పని ఒకటి చేసింది. ఏ మెషీను ఎన్ని అల్లిందని కాకుండా, ఎన్ని పనికొచ్చాయని చూసింది. ప్రశ్న చదవకుండా అర సెకనులో మీట నొక్కేవాళ్ళ దగ్గర, జతలో ఒకటి చిన్నదీ ఒకటి పెద్దదీ అయి, బుట్టలకొద్దీ పారేస్తున్నారు. ఏడో నంబరు దగ్గర పారేసిన సాక్సు ఏడాది మొత్తానికి ఒక్కటే, ఇవాళ్టి పదకొండడుగులది. యజమానికి ఆ కాయితం చూపించి, "ఏడోది వెనకబడట్లేదండీ, మిగతావి తొందరపడుతున్నాయి" అంది. ఆయన కాయితం రెండుసార్లు చదివాడు. "అయితే ఆవిణ్ణి కదపకు. మిగతావాళ్ళని కూడా చదివి ఏడవమను."

మర్నాడు యథాతథం గారు వచ్చేసరికి బల్ల మీద పదకొండడుగుల సాక్సు మడతపెట్టి ఉంది. కోడు తెరిచి మేనేజరమ్మ రాసింది చదివారు. సాక్సు విప్పి బల్ల అంచు వెంబడి కొలిచారు.

"పాత సిస్టంలో రికార్డు తొమ్మిదడుగులే మేడమ్."

"తప్పయిపోయిందండీ. మీకు అక్క సంగతి తెలుసు కదూ?"

"ఏ సంగతి?" అని కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు.

"చదువు సంగతి."

ఆయన తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచారు. "ఆవిడకి చదవడం వచ్చి ఏడాదిన్నరైంది మేడమ్. కూత విని నొక్కేవాళ్ళయితే కూత ఆగగానే నొక్కేస్తారు. ఆవిడకిప్పుడు ఒక పంక్తికి సెకనున్నర, మూడు పంక్తులకి మూడున్నర పడుతోంది. అది వినేవాళ్ళ లెక్క కాదు, చదివేవాళ్ళ లెక్క. రికార్డుల్లో ఉంది, మీరూ చూశారుగా."

చూసింది. చూసే పదకొండడుగులు అల్లించింది.

"మరి ఆ కూతలు ఇంకా ఎందుకుంచారు?"

"ఆవిడ చెప్పలేదు కదా మేడమ్. చెప్పకముందే తీసేస్తే, చదవడం రాని రోజులు కూడా నాకు తెలుసని తెలిసిపోతుంది."

మేనేజరమ్మ అక్క చెప్పిన మాట గుర్తు తెచ్చుకుని గొంతు సవరించుకుంది. "నిజానికి ఆ కూత... నాకే చెవుల్లో పోటండీ. కాస్త తీసేద్దురూ."

యథాతథం గారు ఆవిడ మొహంలోకి తేరిపార చూశారు. ఆవిడ గది పైన, మెషీన్లు కింద. మధ్యలో రెండు తలుపులు. అయినా ఏమీ అడగలేదు. అడగకపోవడం ఆయనకి అలవాటే.

"ఒక్కసారిగా తీస్తే బాగుండదు మేడమ్. రోజుకి వీసమంత చప్పుడు తగ్గిస్తాను. ఎవరికీ తెలియదు."

అన్నట్టే తగ్గించారు. నూట పద్నాలుగులో ఒక తప్పు రోజురోజుకీ అరుగుతూ వచ్చి, నలభయ్యో రోజున పూర్తిగా మాయమైంది. యథాతథం గారి జీవితంలో పాతదాన్ని మార్చి దించడం అదే మొదలు. ఆ రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదని భార్య చెప్పింది.

నలభై ఒకటో రోజు మధ్యాహ్నం ఏడో నంబరక్క మెట్లెక్కి మేనేజరమ్మ గదిలోకొచ్చి, తలుపు దగ్గరగా వేసి, దిగులుగా కుర్చీ అంచున కూర్చుంది.

"అమ్మా, ఎవరికీ చెప్పకు. నెల్లాళ్ళుగా చూస్తున్నా. కళ్ళకి చదువొచ్చిందని సంబరపడుతుంటే, చెవులు పోతున్నాయి. ఆ కూత ఒక్క పిసరు కూడా వినబడట్లేదు నాకు."

మేనేజరమ్మ నవ్వాపుకుంటూ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"మీ చెవులకేం కాలేదక్కా. యథాతథంగా ఉన్నాయి."