వేలిముద్ర వెయ్యనన్న రోజు

ఇది జరిగిన వారంలోనే రాసి ఉంటే ఇంకా ఘాటుగా ఉండేది. ఏం చేయను, అప్పటికి నాకు ఒక్క అక్షరం రాదు. మా చిన్న బిడ్డ సిటీలో పెద్ద చదువుకు చేరాక ఫోన్లు తగ్గించి మెసేజీలు పెట్టడం మొదలుపెట్టింది. వాటిని పక్కింటి కోడలితో చదివించుకుంటే మా ఇంటి సంగతులు సాయంత్రానికల్లా ఇబ్రహీంపట్నం బస్టాండు దాకా పోయేవి. ఆ బాధ పడలేక యాభై మూడో ఏట మహిళా సంఘం అమ్మాయి దగ్గర పలక పట్టాను. ఒత్తులు నన్ను ఇప్పటికీ సతాయిస్తూనే ఉన్నాయి, కాబట్టి తప్పులుంటే సర్దుకుని చదవండి.

డిగ్రీ అయ్యాక చిన్నది బీఎడ్ చేస్తుందని మేమంతా అనుకున్నాం. (అనుకోవడమేమిటి, మా ఇంటాయన యాచారంలో చుట్టాలందరికీ చెప్పేశాడు కూడా.) అది మాత్రం ఒకరోజు అన్నం తింటూ, కంప్యూటర్‌లో బొమ్మలు ఆడించే రెండేళ్ళ చదువుకు సీటు వచ్చిందని చల్లగా చెప్పింది. "గదేం సదువే?" అన్నాడు మా ఇంటాయన. "బొమ్మలకు నడక నేర్పుడు బాపు. ఉరుకుడు, దుంకుడు, ఏడ్సుడు, అన్నీ." ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని, "మనిషి పోరడే ఏడాదికి నడుస్తడు. బొమ్మకు రెండేండ్లా?" అన్నాడు. ఆ సీటు కోసం ఒక నిమిషం సినిమా చేసి పంపిందట. చేస్తుండగా ఒకసారి తొంగి చూశాను. కళ్ళు లేవు, బట్టలు లేవు, బూడిద రంగు ఆకారమొకటి రెండు చేతులూ బార చాపి నిలబడి ఉంది. చేనులో దిష్టిబొమ్మకైనా చొక్కా ఉంటుంది. దండం పెట్టుకుని వంటింట్లోకి పోయాను.

చేరే రోజు తల్లో తండ్రో వచ్చి కాగితం మీద సంతకం పెట్టాలన్నారు. సాయంత్రం నాలుగు దాటితే సీటు వెనకవాళ్ళకు ఇచ్చేస్తారట. యాచారంలో పోయిన పరువు గురించి ఇంటాయన ఇంకా అలిగే ఉన్నాడు కాబట్టి నేనే పోవలసి వచ్చింది. ఇక్కడ నా కాలు సంగతి చెప్పాలి. పెళ్ళికి ముందు ట్రాక్టర్ మీద నుంచి పడితే కుడి కాలు విరిగింది. కట్టు సరిగ్గా కుదరక రెండు వేళ్ళ మేర పొట్టిదైంది. అప్పటి నుంచి నడుం మీద చెయ్యి వేసుకుని, కాలు పక్కకు విసురుతూ నడుస్తాను. ఆ నడక ఎవరి కంటా పడకూడదని, పెళ్ళిళ్ళకు అందరికంటే ముందు పోయి కూర్చుని అందరూ పోయాక లేచేదాన్ని. (దానికి నాకు పనిమంతురాలినని పేరొచ్చింది.)

కాలేజీ వరండాలో అడుగు పెట్టగానే మొదటి దెబ్బ తగిలింది. గడ్డమున్న ఒక పిల్లవాడు నిలువెత్తున దబ్బుమని పడ్డాడు. లేచాడు, మళ్ళీ పడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఎత్తకుండా ఫోన్లలో వీడియో తీస్తున్నారు. మూర్ఛ అనుకున్నాను. నా కొంగుకున్న తాళాలగుత్తి ఊడదీసి, పరుగున పోయి వాడి గుప్పిట్లో కుక్కి, కదలకుండా చెయ్యి అదిమిపెట్టాను. వాడు కళ్ళు తెరిచి, "అమ్మా, నేను పడుడు ప్రాక్టీస్ చేస్తున్న. మీరు జర లేస్తే నేను గూడ లేస్త" అన్నాడు. మా చిన్నది గోడవైపు తిరిగి నిలబడింది. ఆ పిల్ల ఎవరో నాకు తెలియదన్నట్టు నేనూ ముందుకు పోయాను.

ఆఫీసులో గుమాస్తా కాగితం ముందు పెట్టి చదివి వినిపించాడు. "మీ పాప ఇక్కడ ఎవర్ని సతాయించదు, ఎవర్ని ఎక్కిరియ్యదు అని రాసుందమ్మా. అట్ల చేస్తే తీసేస్తరు. గీడ ముద్ర వెయ్యాలె." మంచి కాగితమే అనిపించింది. వేలు సిరాలో అద్దాను. అప్పుడే తలుపులోంచి వరండా కనిపించింది. ముగ్గురు పిల్లలు ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు. ముగ్గురికీ నడుం మీద చెయ్యి. ముగ్గురికీ కుడి కాలు పక్కకు విసురుడు. అద్దంలో చూసుకున్నట్టు, నేనే మూడు నేనులై పోతున్నాను.

వేలికున్న సిరా కొంగుకు తుడిచేశాను. "ముద్ర వెయ్య" అన్నాను. "కాగితంల ఎక్కిరియ్యొద్దని రాసిన్రు, బయట కుంటిదాన్ని ఎక్కిరిస్తున్రు. మీ పెద్దసారును పిలువుండ్రి. నడువే బిడ్డా, బీఎడ్‌కు పోదువు." గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. గుమాస్తా లేచి పోయాడు. చిన్నది కదల్లేదు. నా కొంగు పట్టుకుంది. "అమ్మా, వాళ్ళను ఏమనకు. సీటు కోసం పంపిన సినిమాల ఉన్నది నువ్వే. బర్రెను తీస్తున్న అని చెప్పి నిన్నే వీడియో తీసిన. గది చూసి వాళ్ళు నేర్సుకుంటున్రు. బొమ్మను నడిపియ్యాల్నంటె ముందు మనం నడిచి చూడాలె."

అంతవరకు తగిలినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. పరాయివాళ్ళు నవ్వితే పడవచ్చు. ముప్పై ఏళ్ళుగా కొంగు చాటున దాచుకున్న నడకను కన్న బిడ్డే ఊరవతలికి పంపించిందంటే ఎక్కడ తల పెట్టుకోను? "నీకు ఇంకో నడక దొరకలేదానే?" అన్నాను. అది తల దించుకుని, "నాకు బాగ తెల్సిన నడక గదొక్కటే అమ్మా. దాని ఎనక నడిచే పెద్దగైన" అంది.

ఇంతలో గుమాస్తా వెంట ఆ సారు వచ్చాడు. తెల్లజుట్టు మనిషి. బతిమాలలేదు, సర్దిచెప్పలేదు, గోడ మీద తెర వెలిగించాడు. ఆ బూడిద రంగు ముసలిది (నేనంత ముసలిదాన్ని కాను) బకెట్‌తో బర్రెల కొట్టంలోంచి పాలు తీసుకుని ఇంటికి వస్తోంది. గడప ముందు ఆగి, ఎడమ చెయ్యి దర్వాజకు ఆనించి, గాలి పీల్చుకుని అప్పుడు కాలు విసిరి దాటింది. నేనలా ఆగుతానని నాకే తెలియదు. ఎవరైనా నవ్వుతారేమోనని చూశాను. వరండాలో నడిచిన ముగ్గురూ వచ్చి తెర ముందు కూర్చుని ఉన్నారు, పరీక్ష రాసేవాళ్ళలా. "ఈ గడప దాటుడు వారం సంది చేస్తున్రమ్మా. ఒక్కరికి వస్తలేదు" అన్నాడు సారు.

ఆయన మళ్ళీ వేశాడు. రెండోసారి చూస్తుంటే నాకు వేరే కోపం మొదలైంది. "గది తప్పు" అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. "బకెట్ నిండ పాలున్నయ్ గద. నిండు బకెట్‌తోని గట్ల ఊగుతనా? పాలన్నీ కింద పడవా? గది ఖాళీ బకెట్ నడక." మా చిన్నది మెల్లగా, "పోయేటప్పుడే తీసిన. వచ్చేటప్పుడు ఫోన్ల చార్జింగ్ అయిపోయింది" అని ఒప్పుకుంది. సారు తెర వైపు, నా వైపు చూసి, "మేం నలుగురం చూసి సీటిచ్చినం, ఒక్కరం పట్టలే. రేపొచ్చి నిండు బకెట్ ఎట్లనో చూపిస్తవా అమ్మా?" అన్నాడు. నేను గుమాస్తా వైపు తిరిగి, "ముద్ర యాడన్నవ్?" అన్నాను. గడియారం నాలుగుకు అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

ఆ రాత్రి బడంగ్‌పేట్‌లో మా ఆడబిడ్డ ఇంట్లో పడుకున్నాం. పొద్దున్నే ఇంటికి బస్సు ఎక్కవలసిన దాన్ని, ఆమె స్టీలు బకెట్ అడిగి తీసుకుని చిన్నదాని వెంట మళ్ళీ కాలేజీకే పోయాను. కండక్టరు "ఖాళీ బకెట్ పట్టుకొని యాడికమ్మా?" అంటే, "కాలేజీకి" అని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నీళ్ళు నింపి ఆ హాలు ఈ మూల నుంచి ఆ మూలకు ఎన్నిసార్లు నడిచానో లెక్క లేదు. తర్వాత ఆ పిల్లలు నడిచారు. ఒకరు భుజం ఎత్తేస్తారు, ఒకరు చుక్క ఒలికిస్తారు. నిన్న వాళ్ళను తిట్టబోయింది నడిచినందుకు, ఇవాళ తిట్టింది సరిగ్గా నడవనందుకు. మధ్యాహ్నం ఇంటాయన ఫోన్ చేసి, ఇంకా బయలుదేరలేదా అని విసుక్కున్నాడు.

తడిసిన కుచ్చిళ్ళు ఒక చేత్తో పిండుకుంటూ ఆయనకు నేనిచ్చిన జవాబు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. "జర ఆగు. ఇంక ఇద్దరికి వస్తలేదు. నేర్పిచ్చి వస్త" అన్నాను.