జత కుదరాలి... ఎద్దులకైనా, గ్రాఫిక్స్ కార్డుకైనా

మా చిన్నప్పుడు మా నాన్న సంత నుంచి ఒక తెల్లటి ఎద్దును తోలుకొచ్చాడు... ఊళ్లో సగంమంది మా వాకిట్లోనే నిలబడి చూశారు. ఎత్తైన మూపురం, చెక్కినట్టున్న కొమ్ములు. కొట్టంలో అప్పటికి మిగిలింది మచ్చలోడు ఒక్కడే. పొట్టివాడు, వయసు మళ్లినవాడు. వాడి జోడీ ముసలిదై పోతే ఆ ఖాళీలోకి ఈ తెల్లది వచ్చింది.

మా నాయనమ్మ దాని చుట్టూ ఓసారి తిరిగొచ్చి మచ్చలోడి మెడ మీద చెయ్యేసింది.

"ఏరా అబ్బాయ్, దీన్ని ఊరేగింపుకి తెచ్చావా, బండికి తెచ్చావా?"

"ఎడ్ల సంగతి నీకెందుకమ్మా, లోపలికి పో" అన్నాడు నాన్న.

ఆ వారంలోనే మిరపకాయల బస్తాలతో జగ్గయ్యపేట బయల్దేరాం. బస్తాల మీద నాయనమ్మ, ఆవిడ పక్కన నేను. పగ్గాలు ఒక్కసారి నాకివ్వమని నాన్నను పీక్కుతింటున్నాను.

"ఆడపిల్లవి, కూర్చో" అన్నాడు, వెనక్కి కూడా తిరగకుండా.

కాడి ఏటవాలుగా ఉంది... బరువంతా పొట్టివాడి మెడ మీదే. తెల్లది ఒక అంగ వేస్తే వాడు రెండు వేయాలి. ఇది ముందుకి లాగడం, వాడు వెనకపడటం, బండి పక్కకి పోవడం. నాన్న అదిలించినకొద్దీ అదే వరస. చివరికి చక్రం రోడ్డు పక్క గుంటలో దిగబడింది. బస్తాలు జారి ఒకటి పిగిలింది.

నాయనమ్మ దిగి, కుచ్చిళ్లు పైకి దోపుకుంది. "నే నడిచొస్తా" అంది. అన్నట్టే నడిచింది. నేనూ దూకి ఆవిడ వెనకాలే...

దారిలో ఆవిడ అన్నది ఒకటే. "ఎంత బలమున్నా పక్కదాని అడుగుతోనే నడవాలే పిల్లా. మీ నాన్న ఎద్దుని కొనలేదు, కొమ్ముల్ని కొన్నాడు."

ఆ మాట నాకు ఇన్నేళ్లకి బెజవాడలో ఒక కంప్యూటర్ షాపులో పనికొచ్చింది.

నందిగామలో లెక్కల టీచరుగా చేసి రిటైరైనదాన్ని. గరికపాడు వైపు పోయే లారీలను జీవితమంతా బస్సు కిటికీలోంచే చూశాను. ఈమధ్య యూట్యూబులో ఎవరో కంప్యూటరు మీద లారీ తోలే ఆట ఆడుతున్నారు. వాన, మలుపులు, ముందూ వెనకా బళ్లు... నాకూ తోలాలనిపించింది. నా పింఛనుతో, దాటకూడదని నేనే గీసుకున్న గీతలో, గేమింగ్ కంప్యూటరు కొనుక్కుంటున్నానని ఇంట్లో చెప్పాను.

"ఈ వయసులో గేములేంటమ్మా? ప్రవచనాలు చూసుకోడానికి మంచి ట్యాబ్ కొనిపెడతాలే" అన్నాడు మా అబ్బాయి.

"భక్తి నాకు కరెంటు లేకపోయినా వస్తుందిరా. లారీ రాదు."

ఊరికే వెళ్లలేదు షాపుకి. వీడియోలన్నీ చూసి, అర్థంకానివి మళ్లీ చూసి, మా అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. షాపాయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మావాడి వైపు తిరిగాడు.

"బాబు ఏ గేములు ఆడతాడండీ?"

మావాడు నేల చూపులు చూశాడు. "బాబు కాదండీ, నేను" అన్నాను.

ఆయన తేరుకుని, ఇటుకరాయంత గ్రాఫిక్స్ కార్డు తెచ్చి ముందు పెట్టాడు. "ఇది పెట్టించుకోండి మామ్మగారూ. లైట్లు ఎట్టా వెలుగుతాయో చూడండి."

"లైట్లు మా వినాయకుడి పందిట్లోనూ వెలుగుతాయి. దీనికి జోడీగా ఏ ప్రాసెసర్ ఇస్తారు?"

చూపించాడు. ఎప్పటిదో పాతది, నాలుగు కోర్లది. అచ్చం మా మచ్చలోడే.

"డబ్బంతా కార్డు మీదే పెట్టాలండీ. గేము ఆడించేది అదేనండి."

"అది బొమ్మ గీస్తుందంతే. రోడ్డు మీద ఏ బండి ఎక్కడుందో లెక్క కట్టి చెప్పేది ప్రాసెసర్ కదండీ. అది చెప్పేదాకా మీ కార్డు నెమరేసుకుంటూ నిలబడుద్దా? ప్రాసెసర్ ఆరు కోర్లది, కొత్త రకం ఇవ్వండి. కార్డు ఒక మెట్టు కిందది చాలు, ఎనిమిది జీబీ మెమరీ ఉంటే సరి. మా మానిటర్ మామూలుది, అంతకంటే ఏం చూపిస్తుంది?"

ఆయన నవ్వి మళ్లీ మావాడి వైపే తిరిగాడు. "సార్, మీరు చెప్పండి సార్."

"ఆయనకి తెలుసు కదమ్మా... నీకెందుకివన్నీ" అన్నాడు మావాడు.

తాతను చూసి ఎరగడు వాడు. గొంతు మాత్రం అదే.

లేచి చెంగు బొడ్లో దోపుకున్నాను. "మీరిద్దరూ కొనుక్కోండి. నే నడిచొస్తా" అని మెట్లు దిగాను. వెనకనుంచి "మామ్మగారూ, ఆగండి" అని వినపడింది... ఆగలేదు. నాలుగు అంగల్లో మరో షాపు. నేనడిగిన జత అక్కడ దొరికింది, నా గీత లోపలే. మావాడు వెనకే వచ్చాడు, పెట్టెలు మోశాడు.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం భోంచేసి లారీ ఎక్కుతాను. వానలోనూ ఎక్కడా తెర ఆగదు. మొన్న మావాడు కుర్చీ వెనక చాలాసేపు నిలబడి, "ఒకసారి నాకివ్వమ్మా" అన్నాడు.

"కూర్చో" అన్నాను, వెనక్కి తిరగకుండా. కాసేపటికి ఇచ్చాననుకోండి... మా నాన్నలాంటిదాన్ని కాదుగా.

ఆ బండి లేదు, ఆ కొట్టం లేదు. మచ్చలోడి మెడ మీద చెయ్యేసి నిలబడ్డ మా నాయనమ్మ ఉంటే, ఇవాళ ఈ కుర్చీ ముందుగా ఆవిడకే ఇచ్చేదాన్ని...

మీ చిన్నప్పుడు మీ చేతికివ్వని పగ్గాలేమిటో కింద రాయండి, అన్నీ చదువుతాను. "ఈ వయసులో" అని మొదలయ్యేవి మాత్రం చదవను. ఆ టైముకి నేను రోడ్డు మీద ఉంటాను.