అర మూత మందు

ఆదివారం పొద్దున పది గంటలకు దాసప్ప అర బకెట్టు నీళ్లలో అర మూత మందు కలిపాడు. ఆవుకైతే బకెట్టు నీళ్లకు ఒక మూత. ఇది కుక్క, చిన్న ప్రాణం కదా, సగం చాలనుకున్నాడు. నీళ్లు కూడా సగమే పోశాడు కాబట్టి మందు ఘాటు ఏమాత్రం తగ్గలేదు. మధ్యాహ్నం మదనపల్లెలో డాక్టరమ్మ విప్పి చెప్పేదాకా ఆ లెక్క అతనికి తట్టలేదు.

పుంగనూరుకు ఆరు కిలోమీటర్ల అవతల పల్లెలో దాసప్పకు మూడు ఆవులు, ఒక దూడ ఉన్నాయి. ఊరి పాల సెంటరు అతనే చూసుకుంటాడు. వయసు యాభై ఎనిమిది. ఆవు పొట్ట ఉబ్బినా, దూడ అడ్డం తిరిగినా డాక్టరు కంటే ముందు దాసప్ప గడప తొక్కుతారు. ఒంటికి పట్టి రక్తం పీల్చే పిడుదులకు మందు పుంగనూరు నుంచి తెచ్చి, ఎంత కలపాలో, ఎలా పుయ్యాలో ఊరందరికీ ముప్పై ఏళ్లుగా అతనే చెబుతున్నాడు. ఇన్నేళ్లలో ఆ మందుతో ఒక్క పశువుకూ కీడు జరగలేదు.

కుక్క అతనిది కాదు. కుప్పంలో బ్యాంకులో పనిచేసే కూతురు రేవతిది. తెల్లగా, జడల బొచ్చుతో, చంకలో ఇమిడేంత కుక్క. పేరు జున్ను. రేవతి ఇల్లు మారుతోంది. కొత్తింట్లో రంగులు వేస్తున్నారు, ఆ వాసన జున్నుకు పడదని పదిహేను రోజులు పుట్టింట్లో వదిలిపెట్టింది. పోతూ పోతూ ఒక కాగితం మీద పదకొండు సంగతులు రాసి వంటింటి తలుపుకు అంటించింది. ఉల్లిపాయ పెట్టకూడదు. ద్రాక్ష పెట్టకూడదు. కోడి ఎముక అసలే వద్దు. ఎండలో కట్టెయ్యకూడదు. మనుషుల జ్వరం బిళ్ల ఇవ్వకూడదు. తొమ్మిదోది: ఒంటి మీద ఏది కనపడినా ముందు నాకు ఫోన్ చెయ్యి.

దాసప్ప మిగతా పదీ తప్పకుండా పాటించాడు. సాంబారులో ఉల్లిపాయ పడుతుందని కుక్కకు వేరే అన్నం వండించాడు. పొద్దున, సాయంత్రం మెడకు పట్టీ వేసి తిప్పుకొచ్చాడు. పాల సెంటరు దగ్గర జనం ఊరుకోలేదు.

"ఏమప్పా దాసప్పా, పూటకు ఎన్ని లీటర్లిస్తాది ఇది?" అని మునిశేఖర్ అడిగాడు. వీధి చివర ఆటో అతనిదే.

"నీ ఆటో కంటే నయమేలేప్పా. ఇది పిలిస్తే వస్తాది" అన్నాడు దాసప్ప.

వారం గడిచేసరికి జున్నుకు పశువుల కొట్టం రుచి తెలిసింది. దూడ పక్కన గడ్డిలో పడుకోవడం మొదలుపెట్టింది. ఆదివారం పొద్దున భార్య శాంతమ్మ దాని చెవి ఎత్తి చూసి మొగుణ్ణి పిలిచింది. చెవి మడతలో మినప గింజల్లా ఆరు పిడుదులు ఉన్నాయి. కాలి వేళ్ల సందుల్లో ఇంకా ఉన్నాయి.

"రేవతికి ఫోన్ చేద్దాం పా" అందామె.

"పిడుదులకి ఫోను యాలమ్మే? ఊరంతా నన్నడిగి పూసుకుంటాండారు. నేను పోయి బ్యాంకులో ఉండే బిడ్డని అడగాల్నా?"

పశువుల విషయంలో ఆ ఇంట్లో ఎవరూ అతనికి ఎదురు చెప్పే అలవాటు లేదు.

ఆవుకు పూసినట్టే పూశాడు. గుడ్డ ముంచి, వెన్ను మీద నుంచి పొట్ట కింది దాకా, వేళ్ల సందుల్లో, తోక మొదట్లో. ఆవుకు పొట్టి వెంట్రుకలు, మందు జారిపోతుంది. జున్ను బొచ్చు దూదిలా పీల్చుకుంది. కడగలేదు. ఆవును కడగరు, ఒంటి మీదే ఆరనిస్తారు. దూడకైతే మందు పూశాక నాకకుండా మూతికి చిక్కం కడతారు. కొట్టంలో కొయ్యకు రెండు చిక్కాలు వేలాడుతున్నాయి. దాసప్ప వాటి వంక చూశాడు కూడా. ఒక్కో దాంట్లో జున్ను తలకాయ మొత్తం దూరిపోతుంది. అంత చిన్న చిక్కం ఎవరూ అల్లరు. కుక్కను అరుగు మీద నీడన వదిలి పాల క్యాన్లు కడగడానికి పోయాడు.

పదకొండున్నరకు శాంతమ్మ కేక వేసింది. జున్ను అప్పటిదాకా కాళ్లూ పొట్టా నాక్కుంటూ కూర్చునే ఉందట. ఇప్పుడు నోట్లో నుంచి నురగ తీగలా సాగుతోంది. చెవులు అదురుతున్నాయి. నిలబడబోయి పక్కకు పడింది. పడి, నాలుగు కాళ్లూ కొయ్యల్లా చాపి కొట్టుకుంది.

దాసప్ప రెండు బిందెల నీళ్లు పోసి కడిగాడు. శాంతమ్మ మజ్జిగ తెచ్చి నోట్లో పొయ్యబోతే అడ్డుకున్నాడు. కొట్టుకునే పశువుకు నోట్లో ఏదీ పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ పాటి అతనికి తెలుసు. తెలిసింది అంతవరకే.

మునిశేఖర్ ఆటో తీశాడు. పుంగనూరు పశువుల ఆసుపత్రి గేటుకు తాళం వేసి ఉంది. పక్క టీకొట్టతను మదనపల్లెలో కుక్కల డాక్టరు నంబరు ఇచ్చాడు. అక్కడి నుంచి ఇంకా గంట దారి. ఆటోలో జున్నును తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. దారిలో రెండుసార్లు కొట్టుకుంది. దూడలను ఎలా పట్టుకోవాలో అతనికి తెలుసు, మోకాలు ఆనించి అదిమి పడతాడు. దీన్ని ఎక్కడ పట్టుకున్నా ఎముక విరుగుతుందేమో అనిపించి, చేతులు ఊరికే దాని మీద ఉంచి కూర్చున్నాడు.

డాక్టరు యమున ఇంటి నుంచి వచ్చి క్లినిక్కు తెరిచేసరికి ఒకటింపావు. ఏ మందు ఎన్ని నీళ్లలో కలిపాడో అడిగి తెలుసుకుని కుక్కను తూకం మీద పెట్టింది. మూడు కిలోల నూరు గ్రాములు.

"మీ ఆవు ఎంత ఉంటుందయ్యా?"

"మూడున్నర నూర్లు ఉంటాదమ్మా."

"దానికి కలిపే ఘాటే దీనికీ కలిపినారు. పైగా నాకి మింగింది."

"సగమే ఏసినానమ్మా."

"నీళ్లూ సగమే కదా?"

దాసప్పకు అప్పుడు అర్థమైంది. డాక్టరమ్మ గిన్నెలు తోమే సబ్బుతో బొచ్చంతా మళ్లీ కడిగి తుడిచింది. ముందుకాలికి సూది గుచ్చి సెలైన్ పెట్టి, ఫిట్సు ఆగడానికి ఇంజెక్షను చేసింది. చుట్టూ వేడినీళ్ల సీసాలు సర్దింది.

"దీనికి విరుగుడు మందు లేదు. ఒంట్లోంచి విషం పోయేదాకా ఫిట్సు ఆపుకుంటూ రావాలి. మీరు పక్కనే కూర్చుని, ఎప్పుడెప్పుడు వస్తుందో టైం రాయండి."

రాయడానికి కాగితం కావాలి. జేబులో ఉన్నది రేవతి రాసిచ్చిన కాగితమే. బయల్దేరేటప్పుడు డాక్టరుకు చూపుదామని శాంతమ్మ తలుపు మీద నుంచి పీకి ఇచ్చింది. వెనక వైపు తిప్పి మొదటి అంకె వేశాడు. ఒకటి ఇరవై ఐదు. తర్వాత బయటికొచ్చి కూతురికి ఫోన్ చేశాడు.

జరిగిందంతా రేవతికి చెప్పాడు.

"కాగితంలో రాసినాను కదా నాయినా."

"రాసినావు తల్లీ."

"ఏం మందు?"

"మన ఆవులకి పూసేదే."

"నాయినా, అది కుక్క" అంది. అరవలేదు. అరిచి ఉంటే అతనికి కొంత తేలికగా ఉండేది. "బస్సుకి వస్తాండాను. పలమనేరులో మారాల. ఆరున్నరవతాది" అని పెట్టేసింది.

దాసప్ప స్టూలు మీద కూర్చున్నాడు. ఒకటి యాభై. రెండు ఇరవై ఐదు. మూడు ఐదు. మునిశేఖర్ టీ తెచ్చి పెడితే అది మీగడ కట్టి చల్లారింది. మూడు యాభై ఐదు. ఐదు. అంకెల మధ్య ఎడం పెరుగుతోందని అతనికి కనిపించింది. ముప్పై ఏళ్లు పాల లెక్క రాసిన చెయ్యి, పెరిగేదీ తగ్గేదీ వెంటనే పట్టుకుంటుంది. కాగితం తీసుకుపోయి డాక్టరమ్మకు చూపాడు.

"ఎడం పెరుగుతాండాది సూడమ్మా. మంచిదే కదా?"

ఆమె కాగితం చూసింది, కుక్క పెదవి ఎత్తి చిగుళ్లు చూసింది.

"ఇంజెక్షన్ల వల్ల కూడా ఎడం పెరుగుతుందయ్యా. ఒళ్లు వేడెక్కడం లేదు. ఇప్పుడే ఏమీ చెప్పలేను."

"ఇంకేమన్నా చెయ్యచ్చునా? నేను చేసేది ఏమన్నా ఉండాదా?"

"టైం రాయండి."

సీసాల్లో వేడినీళ్లు రెండుసార్లు మార్చాడు. మార్చినప్పుడల్లా జున్ను కళ్లు తెరిచి చూసేది కానీ తల ఎత్తలేదు. చెవి మడతలో ఆ ఆరు పిడుదులూ చచ్చి అలాగే అంటుకుని ఉన్నాయి. ఒక్కొక్కటే గోటితో తీసి తువ్వాలు అంచు మీద పెట్టాడు. మందు పనిచేసింది.

ఐదున్నరకు ఊపిరి మధ్యలో ఆగి ఆగి రావడం మొదలైంది. డాక్టరమ్మ ఇంకో ఇంజెక్షను చేసి, రెండు వేళ్లతో ఆ చిన్న రొమ్ము నొక్కుతూ పది నిమిషాలు చూసింది. తర్వాత చెయ్యి తీసేసింది. ఐదు నలభై రెండు. దాసప్ప పెన్ను తీశాడు. రాయాల్సింది ఫిట్సు మాత్రమేనని గుర్తొచ్చి జేబులో పెట్టేసుకున్నాడు.

ఆరింటికి ఫోన్ మోగింది. వెనక బస్సు హారను వినిపిస్తోంది.

"పుంగనూరు దాటినాను నాయినా. ఎట్లుండాది?"

దాసప్ప బల్ల వైపు చూశాడు. సెలైన్ గొట్టం తీసి చుట్టేశారు. కూతురు బస్సులో ఒంటరిగా ఉంది.

"పడుకోనుండాది" అన్నాడు.

"మళ్లా ఫిట్సు వచ్చిందా?"

"ఐదింటికి వచ్చిందమ్మా. ఆ తర్వాత రాలేదు."

"అబ్బ" అంది రేవతి. "తగ్గుతాందన్నమాట. వస్తాండాను, ఆడనే ఉండు."

ఫోన్ పెట్టేసి దాసప్ప మునిశేఖర్ వైపు చూశాడు. మునిశేఖర్ తల తిప్పుకున్నాడు. క్లినిక్కు నుంచి బస్టాండుకు నడిచి పది నిమిషాలు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, దాసప్ప ఆరుంపావుకు బయల్దేరాడు. బస్సు ఆరు ముప్పై ఐదుకు వచ్చింది.