ఆమె పెన్సిల్ దిద్దుబాటు

టీ వేళకు ఆమె తెచ్చిన డబ్బా ఖాళీ అయింది, నాది సగం కూడా తగ్గలేదు. రెండింటిలోనూ ఓట్స్ బిస్కెట్లే. యూనివర్సిటీలో నా పక్క గదిలో పాఠాలు చెప్పే ఆమెకు వాటి తయారీ ఉన్న వంటల పుస్తకం ఇచ్చింది నేనే.

"మీవి జర గట్టిగున్నయ్ సార్. చాయ్‌ల ముంచుకుంటే నడుస్తయ్," అన్నాడు అటెండర్, ఆమె బిస్కెట్ నములుతూ.

నవ్వాను గానీ లోపల కుళ్లుకున్నాను.

తార్నాకలో ఇంటికొచ్చి, ఆమె తిరిగిచ్చిన పుస్తకం తెరిచాను. ఓవెన్‌లో ఇరవై నిమిషాలు అన్నచోట పెన్సిల్‌తో కొట్టేసి, 'పన్నెండు చాలు' అని రాసి ఉంది. పాఠాలు చెప్పడానికి రాకముందు పత్రికలో ఏళ్ల తరబడి ఇతరుల వాక్యాలు కొట్టేసినవాణ్ని, ఆ ఒక్క గీత భరించలేకపోయాను.

తర్వాత రెండుసార్లు చేశాను, ఇరవై నిమిషాలే ఉంచాను. ఆమెవి మెత్తగా వచ్చింది ఆ ఎనిమిది నిమిషాలు తగ్గించడం వల్లేనా అన్నది ఇప్పటికీ నాకు తెలియదు.